పెళ్లి ప్రకటనల్లో ఒంటి రంగు అచ్చు వేయొద్దు

సంపాదకులు గారికి,

ఆదివారం మీ పత్రికలో వధూవరుల పేజీ తీస్తే 'తెల్లని, అందమైన వధువు కావలెను' అన్న మాట వరసగా కనిపిస్తుంది. వరుడి కోసం ప్రకటన ఇచ్చేవాళ్లు కూడా అమ్మాయి ఎర్రగా ఉంటే ఆ సంగతి ముందే రాస్తున్నారు, చామనఛాయ అయితే రాయకుండా వదిలేస్తున్నారు. ఈ మధ్య దీనికి సైన్సు పేరు కూడా తోడైంది. అందం జన్యువుల్లోనే ఉందని, అలాంటి జోడీని కోరుకోవడం ప్రకృతి సహజమని చదువుకున్న కుర్రాళ్లే వాదిస్తున్నారు. చాలా ఏళ్లు జువాలజీ పాఠాలు చెప్పినవాణ్ని కాబట్టి దీనికి జవాబు రాయక తప్పలేదు.

ముఖం తీరు తల్లిదండ్రుల నుంచి వస్తుంది, అందులో సందేహం లేదు. అయితే దాన్ని అందం అనేది చూసేవాళ్లు. 2019లో అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 4,383 మంది జన్యు సమాచారాన్ని, 1957 నాటి వాళ్ల హైస్కూలు ఫొటోలను కలిపి పరిశీలించారు. ఒక్కో ఫొటోలోని ముఖం ఎంత అందంగా ఉందో ఆరుగురు ఆడవాళ్లు, ఆరుగురు మగవాళ్లు మార్కులు వేశారు. ఆ మార్కులతో సంబంధం ఉన్న జన్యు తేడాలు కొన్ని బయటపడ్డాయి. ఫొటోల్లోని ఆడవాళ్లలో కనిపించినవి వేరు, మగవాళ్లలో కనిపించినవి వేరు. ఫొటోల్లో ఉన్నవాళ్లంతా ఐరోపా సంతతివారే. ఒక దేశంలో, ఒక కాలంలో, కొద్దిమంది కళ్లకు ఏది నచ్చిందో అదే అక్కడ కొలతబద్ద. దాన్ని పట్టుకుని మన పెళ్లిచూపుల్లో అమ్మాయిని కాదనడానికి శాస్త్రం ఒప్పుకుందని ఎలా అంటాం?

రంగు విషయంలో మాత్రం మనకు చాలా స్పష్టంగా తెలుసు. ఎస్ఎల్‌సీ24ఏ5 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే చర్మం రంగు తగ్గుతుందని 2005లో జీబ్రా చేపల మీద మొదలైన పరిశోధన తేల్చింది. 2013లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న అధ్యయనంలో దక్షిణాదికి చెందిన 1,228 మంది చర్మపు రంగును కొలిచారు. వాళ్లలో కనిపించిన తేడాల్లో దాదాపు 27 శాతానికి ఈ ఒక్క మార్పే కారణమని తేలింది. ఆ మార్పు ఇరవై రెండు నుంచి ఇరవై ఎనిమిది వేల ఏళ్ల నాటిదని అంచనా వేశారు. ఐరోపాలోనూ, ఉత్తర భారతంలోనూ దాన్ని ప్రకృతి ఎంచుకుని ముందుకు తెచ్చిన ఆనవాళ్లు దొరికాయి. దక్షిణ భారతంలో దొరకలేదు. మన ఎండల్లో, చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ ఎక్కువ ఉన్న ఒంటికే రక్షణ ఎక్కువ. తెలుపును కోరుకోవడం ప్రకృతి సహజం అనేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఒకే కడుపున పుట్టిన అక్క తెల్లగా, చెల్లి చామనఛాయగా ఉండటం ప్రతి ఊళ్లోనూ చూస్తాం. తల్లిదండ్రుల జన్యువుల్లో ఎవరికి ఏది వచ్చిందన్నదే తేడా. గర్భిణి పాలలో కుంకుమపువ్వు వేసుకుని తాగినా అది మారదు, ఎందుకంటే పిండం ఏర్పడిన క్షణానే ఆ పంపకం అయిపోయింది. అయినా ఆడపిల్లలకు చిన్నప్పటి నుంచి క్రీములు అలవాటు చేస్తున్నాం. కొన్ని క్రీముల్లో పాదరసం ఉంటుంది, కొన్నింట్లో స్టెరాయిడ్లు. కేరళలోని మలప్పురం జిల్లాలో 2023లో ఇలాంటి క్రీములు రాసుకున్నవాళ్లకు కిడ్నీ జబ్బు వచ్చిన సంగతి పత్రికల్లోనే చదివాం. మా మేనకోడలు ఎంఫార్మసీ చదివింది. ఒక పెళ్లిళ్ల బ్యూరో వాళ్లు ఆమె ఫొటోను కాస్త 'బ్రైట్' చేసి పంపమన్నారు. అప్పటి నుంచి ఫొటో దిగుదాం రమ్మంటే ఆ పిల్లకు టెన్షన్.

పెళ్లికి జన్యువులు చూడాల్సిందే అంటే, ముఖం మీద కనిపించనివి చూడాలి. తలసేమియా తల్లిదండ్రుల జన్యువుల ద్వారా వచ్చే రక్తపు జబ్బు. దాని జన్యువు ఒక్కటే ఉండి జబ్బు లేని వాహకులు పైకి మామూలుగానే ఉంటారు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. తీవ్రమైన రకం వస్తే ఆ బిడ్డకు జీవితాంతం రక్తం ఎక్కిస్తూ ఉండాలి. పెళ్లికి ముందు ఒక్క రక్తపరీక్షతో ఈ సంగతి తెలిసిపోతుంది. మేనరికాల్లో ఇలాంటి ముప్పు ఇంకా ఎక్కువ. మేనమామకూ మేనకోడలికీ సగటున నాలుగో వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. గోత్రం, నక్షత్రం, పాదం అడిగి అడిగి రాసుకుంటాం, ఈ రక్తపరీక్ష మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఒక తల్లి ఏళ్ల తరబడి ఆసుపత్రి చుట్టూ తిరగాల్సి వస్తుందో లేదో చెప్పే పరీక్ష అది.

ప్రకటనదారు డబ్బు కట్టి రాయించుకున్న మాటను పత్రిక ఎలా కాదంటుందని మీరు అడగవచ్చు. పెళ్లి చేసుకుంటే ఆస్తిలో వాటా ఇస్తామన్న ప్రకటనలను వరకట్న నిషేధ చట్టంలో 1986లో చేర్చిన 4ఏ సెక్షన్ నిషేధించింది. అంటే పెళ్లి ప్రకటనకు హద్దులు ఇంతకుముందే ఉన్నాయి. పెళ్లి సంబంధాల వెబ్‌సైట్ షాదీ డాట్ కామ్ 2020 జూన్‌లో మీ పాఠకురాళ్లలాంటి మామూలు ఆడవాళ్లు అడిగితేనే రంగును బట్టి వెతికే ఆప్షన్ తీసేసింది. అదే ఏడాది పేరున్న ఫెయిర్‌నెస్ క్రీము ఒకటి తన పేరులోంచి 'ఫెయిర్' అన్న మాట తొలగించుకుంది. ఊరూరా చదివే తెలుగు పత్రిక ఆ మాత్రం చేయలేదా?

నేను కోరేది ఒక్కటే. ఒంటి రంగును చెప్పే మాటలు వేయబోమని మీ ప్రకటనల విభాగం కౌంటర్‌లోనే చెప్పండి. వయసు, చదువు, ఉద్యోగం, ఊరు, ఎత్తు వేసుకోనివ్వండి. ఆ పేజీ అడుగున తలసేమియా పరీక్ష గురించి రెండు లైన్లు వేయండి. మీ నిర్ణయం ఏదైనా ఇదే పేజీలో పాఠకులకు తెలియజేయాలని కోరుతూ,

ఇట్లు,
విశ్రాంత జువాలజీ లెక్చరర్,
తెనాలి