పొందూరు పిల్లాడికి స్ట్రాబెర్రీ కార్డా?

సంపాదకులకు,

అయ్యా, నేను తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మా మనవడికి ఆరేళ్లు. చెవుల్లో లోపం లేదని పరీక్షలో ముందే తేలింది. మనం చెప్పింది బాగానే అర్థం చేసుకుంటాడు. నోరు తెరిస్తే మాత్రం చేటా ‘ఆ సామానే’, చెంబూ ‘ఆ సామానే’. అందుకే స్పీచ్ థెరపీకి శ్రీకాకుళం తీసుకెళ్తున్నాం.

మొదట వెళ్లినచోట బొమ్మల కార్డులు చూపించి పేర్లడిగారు. స్ట్రాబెర్రీ, మంచు మనిషి, మంచు ఇల్లు. ఇంకో కార్డులో గుంజ మీద రేకు డబ్బా, దానికో ఎర్ర జెండా. ఉత్తరాల డబ్బాట! సర్వీసంతా ఉత్తరాలతోనే గడిపిన నాకే అంతుబట్టలేదు, వాడికేం తెలుస్తుంది? తెల్లమొహం వేశాడు, కాగితం మీద ఇంటూ మార్కు పడింది. మాట రాలేదా, అసలా వస్తువే ఎరగడా అన్నది ఆ మార్కులో ఎక్కడుంది?

ఇప్పటి థెరపిస్టమ్మ ‘చేట అను, చేట అను’ అని వల్లె వేయించదు. చేట చేతికిచ్చి, దీంతో అమ్మ ఏం చేస్తుంది, దేంతో అల్లారు, ఇంట్లో ఎక్కడ పెడతారు, దీని జట్టు సామాన్లేవి అని అడుగుతుంది. పేరు తట్టకపోతే ఈ ఆనవాళ్లు పట్టుకుని వాడే పేరు దాకా వస్తాడు. మా సార్టింగ్‌లో ఒక ఉత్తరానికి ఒకటే అర. మాట అలా కాదు. చేట వెదురు సామాన్ల అరలోనూ ఉండాలి, వంటింటి అరలోనూ, చెరగడం అనే పని అరలోనూ. ఎన్ని అరల్లో ఉంటే అంత తొందరగా దొరుకుతుంది.

మా ఆవిడ ఖాదీకి నూలు వడుకుతుంది. ఇక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు. ఒకనాడు వాడి ముందు కొన్ని వస్తువులు పోసి జతలు పెట్టమంది. దవడను ఎండుచేప పక్కన పెడతాడనుకున్నాం. దువ్వెన పక్కన పెట్టాడు. ఎందుకురా అంటే, ‘చేప పళ్లు... దూది దువ్వుతాది’ అన్నాడు. ఈ సంగతి చెబితే థెరపిస్టమ్మ ఆ పూటంతా పళ్లున్న వస్తువులతోనే నడిపింది: రంపం, కొడవలి, కొబ్బరి కోరు.

చట్టాలకు కొదవ లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెప్పిన 21 వైకల్యాల్లో మాట, భాష కూడా ఉన్నాయి. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో మాట ఆలస్యాన్నీ పరీక్షించాలి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. వాటికి కావలసింది మన బొమ్మలు. వమరవల్లిలోని డైట్ (ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) ఛాత్రోపాధ్యాయుల చేత జిల్లా వస్తువుల ఫొటోలు తీయించి కార్డులుగా వేయిస్తే పెద్ద ఖర్చేమీ కాదు. పలాస పిల్లలకు జీడిపిక్క, కళింగపట్నం పిల్లలకు తెప్ప, మా వాళ్లకు రాట్నం ముందు రావాలి. స్ట్రాబెర్రీకి తొందరేముంది?

ఇంకొకటి. థెరపీ గదిలోకి ఇంట్లోవాళ్లను రానివ్వాలి. మొదటిచోట మమ్మల్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి తలుపేసుకునేవారు. పిల్లాడు అక్కడుండేది కాసేపు, తక్కినదంతా మా దగ్గరే కదా. లోపల ఏ ప్రశ్న ఎలా అడిగారో చూడకపోతే, ఇంటికొచ్చి మేం చేసేది మళ్లీ ‘చేట అను’ వల్లెవేతే.

— ఒక తాతయ్య, పొందూరు, శ్రీకాకుళం జిల్లా