జూన్ 19 ఖాళీగా ఉంచుకోరా

అరోరా, కొలరాడో
ఏప్రిల్ 12, 2026

ఒరేయ్ శీనూ,

ఫోన్‌లో చెబుదామంటే నువ్వు సగం విని "సరే సరే" అంటావు, మిగతా సగం మీ చంటాడి ఏడుపులో కొట్టుకుపోతుంది. అందుకే కాగితం ముందేసుకుని కూర్చున్నా. హాస్టల్ రోజుల్లో వేసవి సెలవులకి ఊరెళ్లి రాసుకున్నాక, మళ్లీ నీకు ఉత్తరం రాయడం ఇదే. నా రాత చూసి నవ్వకు, అప్పుడూ ఇంతే.

విషయం ఏంటంటే, ఈ ఏడాది జూన్ 19 శుక్రవారం పడింది. సెలవు. గురువారం రాత్రికి నువ్వు డాలస్ నుంచి డెన్వర్ వచ్చేస్తే, మా ఇంట్లో నాలుగు గంటలు పడుకుని తెల్లారకముందే బండి తీద్దాం. ఉత్తరంగా ఏడు గంటలు వెళ్తే సౌత్ డకోటాలో వాల్ అనే చిన్న ఊరు. ఆ చుట్టుపక్కల మైదానాల్లో ఆదివారం మధ్యాహ్నం దాకా ప్రెయిరీ డాగ్‌ల వేట. అంతకంటే ముందు రమ్మనకపోవడానికి కారణం ఉంది. అక్కడ ప్రభుత్వ భూముల్లో మార్చి 1 నుంచి జూన్ 14 దాకా వీటిని కొట్టకూడదు. పిల్లల్ని కని, పెంచి, బయటికి తెచ్చుకునే కాలం అది.

పేరులో డాగ్ ఉందని కంగారు పడకు. కుక్క కాదు, ఉడుత కుటుంబం. బొద్దుగా, మన పొలాల్లో పందికొక్కంత ఉంటుంది, బరువు కిలో అటూ ఇటూ. కుక్కలా మొరుగుతుందని ఆ పేరు పెట్టారు. నేల కింద కలుగులు తవ్వుకుని వందలూ వేలూ ఒక్కచోటే కాపురం ఉంటాయి. ఆ చోటుని ఇక్కడ టౌన్ అనే అంటారు. గద్ద నీడ కనబడితే చాలు, కలుగు గట్టు మీద నిలబడ్డది మొరగడం మొదలెడుతుంది, క్షణంలో అందరూ లోపలికి. గండం గడిచాక ఒకటి మళ్లీ బయటికొచ్చి, ముందు కాళ్లు రెండూ పైకెత్తి, తల వెనక్కి వాల్చి ఒక్క కేక పెడుతుంది. దాన్ని విని పక్కది, ఆ పక్కది. తిరుమలలో ఎవరో ఒకాయన "గోవిందా" అంటే కంపార్ట్‌మెంట్ మొత్తం అందుకున్నట్టు ఉంటుంది. పోయినేడు మొదటిసారి చూసినప్పుడు నేను తుపాకీ పక్కన పెట్టి పావుగంట నవ్వాను.

లూయిస్, క్లార్క్ అని అమెరికా పడమర దారి వెతుక్కుంటూ వెళ్లిన ఇద్దరున్నారు కదా, వాళ్లు 1804 సెప్టెంబర్ 7న ఇప్పటి నెబ్రాస్కాలో మొదటిసారి వీటిని చూశారు. ఒకదాన్ని పట్టుకోవాలని కలుగులో పీపాలకొద్దీ నీళ్లు పోయించారట. మీ తాతయ్య గట్టు మీద నిలబడి మన చేత పందికొక్కు బొక్కలో బిందెలతో నీళ్లు పోయించేవాడు చూడు, అచ్చం అదే! వాళ్లకి ఎలాగో ఒకటి చిక్కింది. మరుసటి ఏడాది బతికున్న దాన్నొకదాన్ని ప్రెసిడెంట్ జెఫర్సన్‌కి పంపించారు కూడా. మనకి మాత్రం మీ తాతయ్య తిట్లు తప్ప ఏమీ చిక్కలేదు.

ఇప్పుడు నీ వీసా సంగతి, ఇది జాగ్రత్తగా చదువు. హెచ్‌వన్ మీద ఉన్నవాళ్లు ఈ దేశంలో తుపాకీ ముట్టుకోవడమే ఫెడరల్ నేరం. మినహాయింపులు కొన్నే, మనకి పనికొచ్చేది ఒకటి: చేతిలో చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉండాలి. నీ గ్రీన్ కార్డు క్యూ మన మనవళ్ల పెళ్లిళ్లకి గానీ కదలదు, కాబట్టి లైసెన్సే గతి. సౌత్ డకోటా వాళ్లు బయటి రాష్ట్రాల వాళ్లకి ఆన్‌లైన్‌లోనే ఇస్తారు, ఎలాగూ వేటకి అది కావాలి. అది ప్రింట్ తీసి జేబులో పెట్టుకునేదాకా నా తుపాకీ మీద చెయ్యి వెయ్యనివ్వను. నీ స్నేహం నాకు ముఖ్యమే, నీ ఇమిగ్రేషన్ ఫైలు ఇంకా ముఖ్యం. అనుమానం ఉంటే మీ లాయర్‌ని అడుగు, సిగ్గుపడకు.

షూటింగ్ రాదని సాకు చెప్పకు. గుంటూరులో ఎన్‌సీసీ ఫైరింగ్ రోజు గుర్తుందా? పాతిక మీటర్ల దూరంలో టార్గెట్, బోర్లా పడుకుని తలా ఐదు గుళ్లు. నా కాగితం మీద ఒక్క చిల్లు లేదు, నీ కాగితం మీద తొమ్మిది. హవల్దార్ నిన్ను భుజం తట్టి మెచ్చుకున్నాడు. నావి నాలుగు నీ ఖాతాలో పడ్డాయని ఈ రోజుకీ ఒప్పుకోవు నువ్వు. కోటప్పకొండ తిరునాళ్లలో బుడగలు పేల్చిన అనుభవం అదనం.

ఇక్కడ దూరం వేరు. రెండొందల గజాలు, మూడొందల గజాలు. అక్కడ నిలబడ్డది అరచేయంత వెడల్పు కూడా ఉండదు. అసలు శత్రువు గాలి. ఆ మైదానంలో చెట్టూ చేమా ఉండదు, గాలికి అడ్డమే లేదు. గంటకి పది మైళ్ల పక్కగాలి వీస్తే, నా టూ టూ త్రీ రైఫిల్ గుండు మూడొందల గజాలు వెళ్లేసరికి సుమారు పది అంగుళాలు పక్కకి జరుగుతుంది. అంటే జంతువు మీద గురిపెడితే దాని పక్కింటి గట్టు మీద దుమ్ము లేస్తుంది. గడ్డి ఎటు వంగింది, స్కోప్‌లో ఎండమావి ఎటు పారుతోంది, ఇవి చూసి లెక్కేసుకోవాలి. పొద్దున్న ఏడింటికి నీళ్లలా నిలకడగా ఉన్న గాలి, పదకొండయ్యేసరికి పిచ్చెక్కుతుంది. అప్పుడిక పులిహోర తిని బండి నీడలో పడుకోవడమే. ఇంకోటి, వరసపెట్టి గుళ్లు గబగబా పేలిస్తే గొట్టం పెనంలా కాలిపోయి గురి తప్పుతుంది. అందుకే రెండు రైఫిళ్లు తెస్తున్నా, ఒకటి చల్లారుతుంటే ఇంకోటి. నిజానికి ఒకడు కాలుస్తుంటే ఇంకొకడు స్టాండు మీది స్కోప్‌లో చూస్తూ "రెండంగుళాలు ఎడమకి పోయింది" అని చెప్పడంలోనే మజా. వంటరిగా వెళ్తే సగం సంతోషమే. నిన్ను పిలవడానికి అదీ కారణం.

ఎక్కడ పడితే అక్కడ కాల్చడానికి లేదు. బ్యాడ్‌లాండ్స్ నేషనల్ పార్కులో అసలు వేటే లేదు. దాని పక్కనే బఫెలో గ్యాప్ గడ్డి భూములున్నాయి, వాటిల్లో కోనాటా బేసిన్ అనే ముక్కలో ప్రెయిరీ డాగ్‌ని కొట్టడం నిషేధం. అక్కడ నల్లకాళ్ల ఫెరెట్ అని ముంగిసలాంటి జంతువు ఉంది, దానికి తిండీ ఇల్లూ రెండూ ప్రెయిరీ డాగే. అది అంతరించిపోయిందనే అనుకున్నారు. 1981లో వయోమింగ్‌లో మీటీట్సీ అనే ఊరి దగ్గర ఒక పెంపుడు కుక్క చచ్చిన ఫెరెట్‌ని నోట కరుచుకుని ఇంటికి తెస్తే, ఇంకా మిగిలున్నాయని తెలిసింది. 1987 నాటికి పట్టి కాపాడినవి మొత్తం 18. ఇప్పుడున్నవన్నీ వాటి సంతానమే. కాబట్టి మ్యాపు ప్రింట్ తీసి, గీతలు ఎర్ర పెన్నుతో దిద్ది ఉంచా. అక్కడ ఫోన్ సిగ్నల్ మీద ఆశలు పెట్టుకోవద్దు.

శుక్రవారం ప్రభుత్వ భూమిలో. శనివారం పోయినేడు రానిచ్చిన రైతు దగ్గరే. మళ్లీ రానిచ్చాడంటే ఆయన గొప్పతనం, ఎందుకంటే పోయినేడు నేను చేసిన నిర్వాకం నీకు చెప్పలేదు. ఇక్కడ గేటు తీసి ఉంటే తీసే ఉంచాలి, వేసి ఉంటే వేసే వెళ్లాలి. నేను వైరు కొక్కెం సరిగా తగిలించకుండా బండి పోనిచ్చా. గంట తర్వాత తిరిగి చూస్తే నలభై ఆవులు రోడ్డు మీద. రెండు గంటలు ఆ ఎండలో "హేయ్, హోయ్" అంటూ పరిగెత్తా. ఆ నల్ల ఆంగస్ ఆవులకి నా గుంటూరు అదిలింపు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన పిక్అప్‌లో వచ్చి, ఒక్క మాట అనకుండా, మేత బకెట్టు చప్పుడు చేస్తే అన్నీ ఆయన వెనకే నడిచాయి. ఈసారి గేట్లన్నీ నువ్వు దిగి వెయ్యాలి. ఇది షరతు.

మొన్న మెసేజ్‌లో "పాపం కదరా?" అని పెట్టావు. దానికి జవాబు రాయకుండా దాటేద్దామనుకున్నా, కానీ నీ దగ్గర దాపరికం ఎందుకు. రైతు తరఫున అయితే వాదించగలను. రెండు మూడొందలు కలిస్తే ఒక ఆవూ దూడా తినే గడ్డి మేసేస్తాయని వాళ్ల లెక్క. వానలు లేని ఏడు ఆ గడ్డే వాళ్ల బతుకు. తుపాకీ లేకపోతే ఓట్స్‌లో జింక్ ఫాస్ఫైడ్ కలిపి పెడతారు. మన దగ్గర ఎలుకలకి నూకల్లో కలిపే మందే, ఏమీ తేడా లేదు. కానీ నా తరఫున చెప్పమంటే, నేను రైతుకి సాయం చేయడానికి వెళ్లట్లేదు. కష్టమైన గురి కుదిరితే కలిగే ఆనందం కోసం వెళ్తున్నా. పోయినేడు మా బుజ్జిగాడు "డాడీ, వాటిని తింటామా?" అని అడిగాడు. తినం. ఆ మాట చెప్పడానికి నాకు కాసేపు పట్టింది.

అందుకే ఈసారి కొన్ని పద్ధతులు పెట్టుకున్నా. రోజుకి తలా అరవై గుళ్లు, అంతే. సీసం గుళ్లు మానేసి రాగివి కొన్నా, ఖరీదు కాస్త ఎక్కువే. చచ్చి పడి ఉన్నవాటిని గద్దలూ డేగలూ తింటాయి, సీసం ముక్కలు వాటి కడుపులోకి పోతే విషం. ఇంకోటి, స్కోప్‌లో రెండుసార్లు చూడకుండా ట్రిగ్గర్ నొక్కేది లేదు. పోయినేడు రెండో రోజు పొద్దున్న, నూట ఎనభై గజాల్లో గట్టు మీద ఒకటి నిటారుగా నిలబడి ఉంది. గాలి లేదు, సూర్యుడు నా వెనక, ఊపిరి బిగబట్టా, వేలు ట్రిగ్గర్ మీద ఉంది. తల ఇటు తిప్పింది. రెండు పసుపుపచ్చ గుండ్రటి కళ్లు, పైన తెల్లటి కనుబొమ్మలు. గుడ్లగూబరా! ఆ పాడుబడ్డ కలుగుల్లో కాపురం ఉండే చిన్న గుడ్లగూబ, జానెడు పొడుగు, సన్నటి పొడవాటి కాళ్లు. చట్టం కాపాడే పక్షి, అది అటుంచు. నా చెయ్యి వణికిన తీరు చెప్పలేను. తూటా తీసేసి, ఆ పూటంతా దాన్నే చూస్తూ కూర్చున్నా. లోపల్నించి నాలుగు పిల్లలు వరసగా బయటికొచ్చాయి, అచ్చం స్కూల్ బస్సు కోసం నిలబడ్డట్టు. నీకు ఆ గట్టు చూపిస్తా, ఈ ఏడు కూడా ఉంటే.

తెచ్చుకోవాల్సినవి: చీలమండ దాటే బూట్లు (రాటిల్ పాములు ఆ కలుగుల్లోనే చల్లగా పడుకుంటాయి, చెప్పులేసుకుని వస్తే దిగనివ్వను), నిండు చేతుల చొక్కా, టోపీ. చెవులకి పెట్టుకునేవి నా దగ్గర ఉన్నాయి. కలుగులో చెయ్యి పెట్టొద్దు, చచ్చినదాన్ని ముట్టుకోవద్దు. వాటి ఒంటి మీద రక్తం పీల్చే చిన్న పురుగుల్లో (ఫ్లీలు) ప్లేగు ఉండొచ్చు. 2008లో కోనాటాలో ప్లేగు వచ్చి గుంపులు గుంపులుగా పోయాయి. చెల్లెమ్మకి ప్లేగు ముక్క చెప్పకు, ప్రయాణం రద్దవుతుంది.

తిండి మన చేతిదే. ఆ దారిలో బర్గర్ తప్ప గతి లేదు, నువ్వేమో శనివారం తినవు. పులిహోర, పెరుగన్నం నేను చూసుకుంటా. వాల్‌లో ఐదు సెంట్ల కాఫీ ఇప్పటికీ ఇస్తారు, డోనట్ మాత్రం వదలొద్దు. మీ అమ్మగారు పంపిన గోంగూర పచ్చడి ఇంకా మిగిలుంటే చిన్న సీసా పట్రా. చెక్-ఇన్ సామానులో పెట్టు, చేతి సంచిలో పెడితే ఆపుతారు.

ఏప్రిల్ నెలాఖరులోగా టికెట్ కొనేసి నంబరు పంపు. మోటెల్‌కి డబ్బు కట్టేశా, రెండు మంచాల గది. గురక పెట్టేది నువ్వే కాబట్టి కిటికీ వైపు మంచం నాది.

నీ
రాంబాబు