విటమిన్లు కూడా మందుల కిందే లెక్కండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆరోగ్యం పేజీ వదలకుండా చదివేదాన్ని. విటమిన్ ట్యాబ్లెట్ల గురించి ఏది వచ్చినా రెండే రకాలుగా వస్తోంది, అందరూ వేసుకోవాల్సిందే లేకపోతే ఎముకలు గుల్ల అని ఒకరోజు, అంతా వ్యాపారం ఒక్క బిళ్ళ కూడా ముట్టుకోవద్దు అని ఇంకోరోజు. రెండూ చదివిన మనిషి ఏం చేస్తాడు చెప్పండి, తనకి నచ్చింది కట్ చేసి దాచుకుంటాడు. నేను డాక్టర్ని కాదు, డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైర్ అయినదాన్ని. రక్తం తీసే ముందు ఏమైనా మందులు వాడుతున్నారా అని అడుగుతాం కదా, ఏమీ లేవండీ అంటారు. సరే జుట్టుకి, కీళ్ళకి, ఇమ్యూనిటీకి, నీరసానికి అని ఏమైనా వేసుకుంటున్నారా అని విడిగా అడిగితే అప్పుడు ఒక్కొక్కటే బయటికొస్తాయి, అవా, అవి మందులు కాదులెండి, ఊరికే బలానికి అంటారు. నాకున్న పేచీ అంతా అక్కడే.

జుట్టు ఊడుతోందని వేసుకునే బయోటిన్ సంగతే చూడండి. మనిషికి రోజుకి కావాల్సింది 30 మైక్రోగ్రాములు, అది మామూలు తిండిలోనే వచ్చేస్తుంది, లోపం ఉండటమే చాలా అరుదు. జుట్టుకి గోళ్ళకి అని అమ్మే బిళ్ళల్లో మాత్రం 5,000, 10,000 మైక్రోగ్రాములు ఉంటాయి. లోపం లేనివాళ్ళకి దానివల్ల జుట్టు ఒత్తుగా వస్తుందని గట్టి రుజువు లేదు, సరే అది పక్కన పెట్టండి, అసలు తంటా మా మెషీన్ల దగ్గర మొదలవుతుంది. థైరాయిడ్, గుండె, హార్మోన్ టెస్టులు చాలావాటిలో బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే ఒక ప్రొటీన్, ఈ రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునే గుణం మీదే కిట్ నడుస్తుంది, మరి మీ రక్తంలో కూడా బోలెడంత బయోటిన్ తిరుగుతుంటే అది మధ్యలో దూరి ఆ జాగా తనే పట్టేస్తుంది, అంకె తప్పొస్తుంది. థైరాయిడ్‌లో అయితే టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్) ఉన్నదానికంటే తక్కువగా, టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోన్) ఎక్కువగా చూపించొచ్చు, అంటే ఏ జబ్బూ లేని మనిషికి థైరాయిడ్ ఎక్కువైన మనిషి రిపోర్టు చేతికొస్తుంది, దాన్ని పట్టుకుని మందులు మొదలుపెడితే ఇంకేం ఉంది. దీనికంటే భయం ట్రోపోనిన్‌తో, గుండెపోటు వచ్చిందా లేదా తేల్చే టెస్టు అది. 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనిమీద హెచ్చరిక ఇచ్చింది, బాగా ఎక్కువ డోసు బయోటిన్ వాడుతున్న ఒక పేషెంటు ట్రోపోనిన్ తప్పుగా తక్కువ వచ్చాక చనిపోయినట్టు తమకి సమాచారం అందిందని అందులోనే ఉంది. ఆ తర్వాత కొన్ని కిట్లు మార్చారు కూడా, కానీ మీ రక్తం ఏ కిట్ మీదకి పోతోందో మీకెలా తెలుస్తుంది? టెస్టుకి రెండు మూడు రోజుల ముందు ఆపేసి, డాక్టర్‌కీ ల్యాబ్ వాళ్ళకీ ఒక మాట చెప్తే చాలావరకు సరిపోయే విషయం ఇది. ఆ మాట చెప్పాలంటే ముందు తాను మందు వాడుతున్నానని మనిషికి అనిపించాలి కదా.

సీ విటమిన్ కూడా ఇలాంటి పనే చేస్తుంది. ఎక్కువైంది మూత్రంలోకి పోతుంది, అప్పుడు స్ట్రిప్ టెస్టులో షుగర్ ఉన్నా రక్తం ఉన్నా లేనట్టు చూపించగలదు, మలంలో రక్తం పడుతోందా అని చూసే గయాక్ టెస్టు కూడా దానివల్ల మోసపోతుంది. (బీ కాంప్లెక్స్ వేసుకున్నాక మూత్రం చిక్కటి పసుపు రంగులో వచ్చిందని హడలిపోయి శాంపిల్ పట్టుకొచ్చేవాళ్ళు ఉంటారు, అది రైబోఫ్లావిన్, అంటే బీ2 విటమిన్ రంగు, ఏం కాదు, డబ్బులు పెట్టి కొన్నది బయటికి పోతోంది అంతే.) ఈ సీ విటమిన్ మోజుకి పెద్ద దిక్కు లైనస్ పౌలింగ్, 1954లో కెమిస్ట్రీకి, 1962లో శాంతికి నోబెల్ తెచ్చుకున్నాయన, అంత మేధావి 1970 నుంచి జలుబు రాకుండా గ్రాములకి గ్రాములు వేసుకోమని చెప్తే జనం నమ్మకుండా ఎలా ఉంటారు. తీరా ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే రోజూ వేసుకున్నా మామూలు మనుషులకి జలుబు రావడం తగ్గలేదు, వచ్చిన జలుబు పెద్దవాళ్ళలో ఒక 8 శాతం తొందరగా పోయింది, వారం ఉండే జలుబులో అటూ ఇటుగా సగం రోజు. మారథాన్ పరిగెత్తేవాళ్ళు, గడ్డకట్టే చలిలో కష్టపడే సైనికులు లాంటివాళ్ళలో మాత్రం జలుబులు సగానికి తగ్గాయి, అది నిజమే, కానీ మనలో ఎంతమందిమి మారథాన్ పరిగెడుతున్నాం.

అలాగని విటమిన్లు దండగ అనేవాళ్ళ జట్టు కూడా కాదు నేను. లోపం ఉన్నచోట ఇవి చేసే మేలు మామూలుది కాదు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టర్ స్కర్వీతో (సీ విటమిన్ లోపంతో వచ్చే జబ్బు) పడున్న 12 మంది నావికుల్ని ఇద్దరిద్దరుగా విడదీసి ఒక్కో జంటకి ఒక్కోటి ఇచ్చి చూశాడు, నారింజలూ నిమ్మకాయలూ తిన్న ఇద్దరు కొద్దిరోజుల్లోనే లేచి తిరిగారు. అప్పటికి విటమిన్ అనే మాటే లేదు. ఇక ఈ కాలంలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఫోలిక్ యాసిడ్, అదీ ఒక బీ విటమినే. వెన్నెముక లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకి మళ్ళీ గర్భం ముందు నుంచే రోజుకి 4 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే ఆ లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ట్రయల్ తేల్చింది. మిగతావాళ్ళకి రోజుకి 400 మైక్రోగ్రాములు చాలు. ఇక్కడ చిక్కేంటంటే కడుపులో బిడ్డకి మెదడు, వెన్నుపాము తయారయ్యే వెన్ను గొట్టం మూసుకునేది గర్భం వచ్చిన 28 రోజుల్లోపే, చాలామందికి అప్పటికి గర్భం సంగతే తెలీదు, అందుకే పిల్లలు కావాలనుకున్నప్పుడే, కనీసం నెల ముందు మొదలుపెట్టమంటారు. ఇంత చిన్న బిళ్ళ, ఇంత పెద్ద పని, దీనికి మాత్రం ప్రకటనలు కనపడవు చూడండి.

బీ12 ఇంకోటి. మొక్కల నుంచి వచ్చే తిండిలో అది దాదాపు ఉండదు, కాబట్టి మాంసం, గుడ్లు, పాలు ఏవీ ముట్టనివాళ్ళు బయటినుంచి తీసుకోక తప్పదు, వయసు పైబడి కడుపులో యాసిడ్ తగ్గినవాళ్ళకి, ఏళ్ళ తరబడి షుగర్ మందు మెట్‌ఫార్మిన్ లేదా గ్యాస్ మందులు వాడేవాళ్ళకి కూడా తగ్గే అవకాశం ఉంది. లివర్‌లో నిల్వ ఉంటుంది గనక లోపం పైకి తేలడానికే ఏళ్ళు పడుతుంది, కాళ్ళు తిమ్మిర్లు, మతిమరుపు అంటే వయసు వల్లేలే అనేసుకుంటారు. స్లైడ్ మీద ఎర్ర రక్తకణాలు పెద్దవిగా కనిపిస్తే మాకు అనుమానం వస్తుంది, అయితే ఆ మనిషి ఫోలిక్ యాసిడ్ గట్టిగా వేసుకుంటున్నాడనుకోండి రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోపల చెడిపోతూనే ఉంటాయి. ఐరన్ కూడా అంతే, హిమోగ్లోబిన్ తక్కువ అనగానే అందరికీ ఐరనే కాదు, తలసీమియా మైనర్ (పుట్టుకతో వచ్చే రక్త లోపం) ఉన్నవాళ్ళకి కణాలు చిన్నగానే ఉంటాయి, వాళ్ళకి ఐరన్ లోపం లేకపోతే ఎన్ని బిళ్ళలు మింగినా ఉపయోగం లేదు, ముందు ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ టెస్టు చూడాలి.

మరి ఏ లోపమూ లేని మనిషి ముందుజాగ్రత్తగా వేసుకుంటే? అది నిండిన బిందెలో నీళ్ళు పోయడమే, కొన్నిసార్లు అంతకంటే చెడ్డది. క్యారెట్లు ఆకుకూరలు బాగా తినేవాళ్ళకి క్యాన్సర్ తక్కువ కనపడుతోంది కదా, అందులో ఉన్న బీటా కెరోటిన్ బిళ్ళగా ఇస్తే సరి అనుకుని ఫిన్లాండ్‌లో 29 వేలమందికి పైగా పొగతాగే మగవాళ్ళ మీద ట్రయల్ పెట్టారు. 1994లో ఫలితం చూస్తే బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్ళలోనే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ! అమెరికాలో కేరెట్ అని ఇంకో ట్రయల్, అందులో విటమిన్-ఏ కూడా కలిపి ఇచ్చారు, అక్కడ 28 శాతం ఎక్కువ వచ్చేసరికి 1996లో అనుకున్నదానికంటే 21 నెలల ముందే ఆపేశారు. ప్రొస్టేట్ క్యాన్సర్ ఆగుతుందని విటమిన్-ఇ ఇచ్చి చూసిన సెలెక్ట్ ట్రయల్‌లో అదే క్యాన్సర్ 17 శాతం పెరిగింది. తిండిలో ఉన్నప్పుడు మేలు చేసింది విడిగా పీకి డోసు పెంచితే అలాగే చేస్తుందని ఎవరూ రాసివ్వలేదు. పైగా విటమిన్లు కొని వేసుకునేవాళ్ళు మామూలుగానే నడుస్తారు, పొగ తాగరు, చెకప్‌లు చేయించుకుంటారు, వాళ్ళు ఆరోగ్యంగా ఉన్నారంటే ఆ పేరు బిళ్ళకి పోతుంది.

డీ విటమిన్ మీద కూడా ఇంతే గోల. 25,871 మందికి చేసిన వైటల్ ట్రయల్‌లో రోజుకి 2,000 యూనిట్లు ఐదేళ్ళకి పైగా ఇచ్చినా క్యాన్సర్లు, గుండెపోట్లు రావడం తగ్గలేదు, 2022లో చూస్తే ఎముకలు విరగడం కూడా తగ్గలేదు. వాళ్ళలో ఎక్కువమందికి అసలు లోపం లేదు, అది గుర్తుపెట్టుకోవాలి, లోపం ఉన్నవాళ్ళు ఇది చదివి మానేయకూడదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి ఊరికే డీ లెవెల్ టెస్టు చేయించక్కర్లేదని 2024లో హార్మోన్ డాక్టర్ల సంఘం ఎండోక్రైన్ సొసైటీ కూడా చెప్పింది, ల్యాబ్‌ల వాళ్ళకి నచ్చే మాట కాదనుకోండి. పిల్లలకి, గర్భిణులకి, 75 దాటినవాళ్ళకి ఇవ్వొచ్చని వాళ్ళే అన్నారు. మల్టీవిటమిన్ సంగతంటారా, 50 దాటిన మగ డాక్టర్ల మీదే చేసిన ఒక ట్రయల్‌లో 2012లో క్యాన్సర్లు 8 శాతం తగ్గినట్టు వచ్చింది, గుండెకి ఏమీ ఒరగలేదు, 2024లో సుమారు 3 లక్షల 90 వేలమంది లెక్కలు చూస్తే రోజూ మల్టీవిటమిన్ వేసుకునేవాళ్ళు ఎక్కువకాలం బతికినట్టేమీ కనపడలేదు. వేసుకుంటే పెద్ద నష్టం లేదు, పెద్ద లాభమూ లేదు, నా అభిప్రాయం అయితే అంతే.

నష్టం వచ్చేది పెద్ద డోసులతో. వారానికొకటి అని రాసిచ్చిన డీ విటమిన్ రోజుకొకటి మింగితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, చివరికి కిడ్నీల మీదకి వస్తుంది. విటమిన్-ఏ ఎక్కువైతే లివర్‌కి దెబ్బ, గర్భంలో ఉన్న బిడ్డకి ఇంకా ప్రమాదం. బీ6 నరాలకి మంచిదని వేసుకుంటారు, అదే నెలల తరబడి ఎక్కువైతే నరాలే పాడై తిమ్మిర్లు మొదలవుతాయి, యూరప్ వాళ్ళు 2023లో దాని గరిష్ఠ పరిమితిని రోజుకి 12 మిల్లీగ్రాములకి తగ్గించారు. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్ళు కే విటమిన్ ఉన్న బిళ్ళ మొదలుపెట్టి చెప్పకపోతే మందు పని తగ్గిపోతుంది. థైరాయిడ్ బిళ్ళతోపాటే కాల్షియమో ఐరనో వేసుకుంటే థైరాయిడ్ మందు సరిగ్గా ఒంటికి పట్టదు, నాలుగు గంటలు ఎడం ఉండాలి, ఈ ఒక్క సంగతి తెలియక డోసు పెంచుకుంటూ పోయే రిపోర్టులు ఎన్నో.

అందుకని నేను అడిగేది విటమిన్లకి అనుకూలంగా రాయమనీ కాదు, వ్యతిరేకంగా రాయమనీ కాదు. ఫలానా విటమిన్‌తో ఫలానా లాభం అని వార్త వేసినప్పుడు ఎంత డోసు, ఎవరిమీద చూశారు, వాళ్ళకి ముందే లోపం ఉందా లేదా అన్న మూడూ అందులో ఉండేలా చూడండి, లేకపోతే వార్త ఆపేసినా ఎవరూ నష్టపోరు. ఇంకోటి, మీ డాక్టర్ సలహాల శీర్షికకి జుట్టు రాలుతోంది, నీరసంగా ఉంది, థైరాయిడ్ అటూ ఇటూ అవుతోంది అని ఉత్తరాలు వస్తుంటాయి కదా, ప్రశ్న పంపేటప్పుడు పొడులు, గమ్మీలు, క్యాప్సూల్స్‌తో సహా వేసుకుంటున్నవన్నీ డోసుతో రాయాలి అని ఆ శీర్షిక కిందే ఒక లైను పెట్టించండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్