చిన్నాకి, మాంచెస్టర్‌కి

చిరంజీవి చిన్నాకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్నగారి మోకాలు మామూలే. నువ్వు ఫోన్ ఎత్తడం లేదని రాయడం లేదురా, ఊసుపోక రాస్తున్నాను. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడుతున్నాయి, అంతే చాలు.

శేషు పిన్ని ఏదో అంది. నువ్వు ఆంకోట్స్ ఫ్లాట్ ఖాళీ చేసి, ఇంకో ఐదుగురితో బేస్‌మెంట్‌లో ఉంటున్నావనీ, రాత్రుళ్లు గోడౌన్ పనికి పోతున్నావనీ. పిన్ని సంగతి తెలిసిందేగా, రాజమండ్రి పెళ్లిలోనూ ఇలాగే చేసింది. నేను పట్టించుకోలేదు.

మీ మాంచెస్టర్ పాఠం బళ్లో ఏళ్ల తరబడి చెప్పాను కదా, ఏదో గుర్తొచ్చింది. 1851 నాటికే అక్కడ మూడు లక్షల మంది. మిల్లులు లేచినంత వేగంగా ఇళ్లు లేవలేదు. ఎందరో కూలీలు నేలమాళిగల్లో బతికారు, కింద చెమ్మ, పక్కనే మురుగు. కూలీల బతుకుల మీద చాడ్విక్ అనే అధికారి 1842లో ఇచ్చిన నివేదికలో మాంచెస్టర్ కూలీల సగటు మరణ వయసు 17 ఏళ్లు. పసివాళ్లు అంతమంది పోయేవారు. అదే ఇంగ్లండ్‌లోనే రట్లండ్ అనే జిల్లా పల్లెల్లో కూలీలకు 38. చెమ్మ గోడ పక్కన పడుకోవద్దని నిన్ను ఊరికే సతాయించానా? ఇన్‌హేలర్ ఎక్కడ పెట్టావు?

అప్పట్లో పొడుగు కర్రతో కిటికీ మీద కొట్టి కూలీలను నిద్రలేపడమే కొందరికి జీవనోపాధి. మిల్లుకి ఆలస్యమైతే జరిమానా. ఆడవాళ్లకీ 18 ఏళ్లలోపు వాళ్లకీ రోజుకి పది గంటలే పని అని చట్టం రావడానికి 1847 దాకా పట్టింది. నీకు వారానికి ఇరవై గంటలే అని నువ్వే చెప్పావు. వీసా రూలు రూలే. రాత్రి పనికి డబ్బు చేతికిస్తామనేవాళ్ల దగ్గరికి పోకు.

ఇదో కథ చెప్తాను, మీ ఆంకోట్స్ పక్కనే స్వాన్ స్ట్రీట్‌లో జరిగింది. 1832, ఊరంతా కలరా. దిక్కులేని పేదల శవాలు వైద్యం నేర్చుకునేవాళ్ల కోతకు ఇవ్వొచ్చని నెల ముందే చట్టం వచ్చింది. ఇక ఊరుకుంటారా? కలరా ఆసుపత్రిలో మనవాళ్లను కోసేస్తున్నారని ఒకటే పుకారు. పెద్దమనుషులు కొట్టిపారేశారు. జాన్ హేర్ అని ఒక తాత. మూడేళ్ల మనవడు ఆసుపత్రిలో పోయాడు. పూడ్చే ముందు అనుమానం వచ్చి పెట్టె తెరిపించాడు. పిల్లాడికి తల లేదు, ఆ చోట ఇటుక ఉంది! జనం వేలల్లో పోగై, ఆ పెట్టె మోసుకుంటూ వెళ్లి ఆసుపత్రి మీద పడ్డారు. సైనికులు రావాల్సి వచ్చింది. తర్వాత తల దొరికింది, చర్చి ఫాదర్ నచ్చజెప్పాక సద్దుమణిగారు. అంటే ఏమిటి? పుకారులో నిజం ఉంది. శేషు పిన్ని కూడా పూర్తిగా కల్పించి చెప్పదురా, సగమైనా ఉంటుంది.

సర్లే, నీకు చదువుకునే పనుంటుంది. సుబ్బారావుగారబ్బాయి వచ్చే వారం బయల్దేరుతున్నాడు. కందిపొడి, కరివేపాకు పొడి, గోంగూర ఇచ్చి పంపుతున్నాను, ఆరుగురికి సరిపోతాయి. ఏ అడ్రస్‌కి తేవాలో అతనికి మెసేజ్ పెట్టు. నాకు చెప్పకపోయినా ఫర్వాలేదు, అతనికి చెప్పు. గోంగూర సీసాలో తడి స్పూన్ పెట్టకండి, బూజు పడుతుంది.

మీ అమ్మ