ఒకే తాను గుడ్డ, ఒకరికే ప్రవేశం

సంపాదకుడు గారికి నమస్కారం.

విజయవాడలో ముప్పై ఏళ్లుగా ఆడవాళ్ల బట్టలు కుడుతున్నాను. క్లబ్బుల డ్రెస్ కోడ్ గురించి ఈ ఉత్తరం.

కిందటి నెల మా అమ్మాయి, అల్లుడు ఒక క్లబ్బులో స్నేహితుల పార్టీకి వెళ్లారు. ఇద్దరికీ ఒకే తానులోంచి నల్ల గుడ్డ కోయించి నేనే సూట్లు కుట్టాను. అమ్మాయి ప్యాంటుకి పక్క కుట్టు పొడవునా నల్ల శాటిన్ పట్టీ, కోటు కాలరు మడతకీ అదే శాటిన్. శాటిన్‌తో వేగడం కష్టం. కత్తెర పడగానే అంచు పీచులు లేస్తుంది, మిషను కింద జారిపోతుంది. ఆ పట్టీ నడుం నుంచి మడమ దాకా వంకర లేకుండా రావడానికి రెండుసార్లు విప్పి కుట్టాను.

గేటు దగ్గర అల్లుణ్ని లోపలికి పంపి అమ్మాయిని ఆపేశారు. "మేడమ్, లేడీస్‌కి చీర, చుడీదార్, లేదంటే గౌను. ప్యాంటు రూల్‌లో లేదు" అన్నాడట గార్డు. పాపం అతన్ని అని లాభం లేదు, బోర్డు మీద ఉన్నదే చెప్పాడు. అల్లుడు కూడా వెనక్కి వచ్చేశాడు. ఇద్దరూ సూట్లలోనే టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ తిని ఇంటికొచ్చారు.

మర్నాడు కమిటీలో ఒక పెద్దమనిషికి ఫోన్ చేశాను. "ఇవన్నీ ఇప్పటి పిల్లల ఫ్యాషన్లమ్మా, మా క్లబ్బుకి పాత సంప్రదాయం ఉంది" అన్నారు. అక్కడ నాకు ఒళ్లు మండింది. నేను చూసి కుట్టిన నమూనా వయసు దాదాపు 60 ఏళ్లు! 1966లో పారిస్‌లో ఈవ్ సెయింట్ లారెంట్ అనే ఫ్యాషన్ డిజైనర్, మగవాళ్లు రాత్రి విందులకి వేసుకునే టక్సీడోని ఆడవాళ్ల ఒంటికి తగ్గట్టు కత్తిరించి 'లె స్మోకింగ్' అని పేరు పెట్టాడు. మగవాళ్ల సూటుని చిన్న సైజులో కుడితే ఆడవాళ్లకి నప్పదు, నడుం దగ్గరా తుంటి దగ్గరా లెక్కంతా మారిపోతుంది. కుట్టేవాళ్లకే తెలుస్తుంది ఆ బాధ. అంతకు చాలా ముందే, 1930లో వచ్చిన 'మొరాకో' సినిమాలో హాలీవుడ్ నటి మార్లీన్ డీట్రిచ్ మగవాళ్ల విందు సూటు, పొడవాటి టోపీతో కనిపించింది.

గేటు దగ్గర ఆపడమూ కొత్త కాదు లెండి. 1960ల చివర్లో న్యూయార్క్‌లో ఒక ఖరీదైన రెస్టారెంటు, నాన్ కెంప్నర్ అనే ఆవిడను ఈ సెయింట్ లారెంట్ సూటులోనే వచ్చిందని లోపలికి రానివ్వలేదు. ఆవిడ అక్కడే ప్యాంటు విప్పేసి, పైన వేసుకున్నదాన్నే పొట్టి గౌనులా చూపించి లోపలికి వెళ్లింది. కాళ్లు కనపడితే ఫరవాలేదు, కప్పుకుంటే తప్పు! పారిస్‌లో అయితే 1800 నాటి ఉత్తర్వు ప్రకారం ఆడవాళ్లు ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి ఉండాలి. తర్వాత చేతిలో సైకిల్ హ్యాండిలో, గుర్రం కళ్లెమో ఉంటే ఫరవాలేదని సడలించారు. ఇక అది చెల్లదని అక్కడి మంత్రి ప్రకటించింది 2013లో.

ఇంతకీ చుడీదార్‌ని ఒప్పుకున్నవాళ్లకి ప్యాంటు మీద ఎందుకంత కోపమో నాకర్థం కాదు. రెండు కాళ్లకి రెండు గొట్టాలు కుడితే అది ఏమవుతుందో కమిటీ వారే చెప్పాలి.

2014లో చెన్నైలో పంచె కట్టుకొచ్చిన హైకోర్టు జడ్జిగారిని ఒక క్లబ్బులోకి రానివ్వకపోతే, తమిళనాడు ప్రభుత్వం ఆ ఏడాదే చట్టం తెచ్చింది. పంచె కట్టుకున్నవాళ్లని ఆపే క్లబ్బుకి లైసెన్సు పోతుంది. ఆ చట్టం సంప్రదాయ దుస్తుల కోసం, మా అమ్మాయి సూటుకి అది వర్తించదు. అయినా ఇంత చిన్న విషయానికి చట్టం దాకా ఎందుకు? మగవాళ్ల వరుసలో ఉన్న 'సూటు' అన్న మాటను ఆడవాళ్ల వరుసలో కూడా రాయించమని క్లబ్బుల కమిటీలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. పెయింటర్‌కి పది నిమిషాల పని.

వచ్చే నెల అదే క్లబ్బులో మా బంధువుల రిసెప్షన్ ఉంది. అమ్మాయి మళ్లీ ఆ సూటే వేసుకుంటానంటోంది. ఈసారి ఎత్తు మడమల చెప్పులు వేసుకుంటుందట, ప్యాంటు అంచు అర అంగుళం దించి ఇచ్చాను.

ఇట్లు,
ఒక లేడీస్ టైలర్, విజయవాడ
(పేరు వేయవద్దని మనవి)