డ్రమ్ము తిరగనిదే గింజ వేగదు: ఆలస్యమవుతున్న ఆర్డర్ల గురించి

వేయించిన కాఫీ పంపడం ప్రస్తుతానికి ఆపేశాం. డబ్బు కట్టి ఎదురుచూస్తున్న వారికి 'సాంకేతిక కారణాలు' అని ఒక్క ముక్క రాసి ఊరుకోవడం నాకు నచ్చలేదు. అందుకే ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. గింజలు వేయించే డ్రమ్మును తిప్పే మోటారు అరిగిపోయింది. దాన్ని పూర్తిగా విప్పి బాగుచేస్తున్నాను. అది నేను అనుకున్నట్టు తిరిగేదాకా ఒక్క సంచీ కూడా బయటకు పోదు.

మా రోస్టర్ ఏ కంపెనీ నుంచో వచ్చిన యంత్రం కాదని మీలో చాలామందికి తెలుసు. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న స్టీలు డ్రమ్ము, దాని కింద గ్యాసు బర్నర్లు, వెనకవైపు డ్రమ్మును తిప్పడానికి కారు అద్దం తుడిచే వైపర్ మోటారు. ఇంత పెద్ద పనికి వైపర్ మోటారా అని నవ్వేవారున్నారు. కానీ సొంతంగా రోస్టర్ కట్టుకునే చాలామంది దీన్నే ఎంచుకోవడానికి కారణముంది. 12 వోల్టులతో నడుస్తుంది. లోపలే వర్మ్ గేరు (మరలాంటి కడ్డీ తిప్పే పళ్లచక్రం) ఉండటం వల్ల వేగం తక్కువ, తిప్పే బలం ఎక్కువ. ఎక్కడైనా దొరుకుతుంది, విప్పితే అర్థమవుతుంది. చిక్కల్లా ఒక్కటే: వానలో, చల్లగాలిలో కాసేపు పనిచేసి ఆగడానికి చేసిన మోటారు ఇక్కడ మంట పక్కన గంటల తరబడి ఆగకుండా తిరుగుతోంది. ఇన్నాళ్లు లాగిందంటే నిజంగా గట్టి పిండమే.

జబ్బు మొదట శబ్దంలో బయటపడింది. గింజల వేడి దాదాపు 195 నుంచి 205 డిగ్రీల సెల్సియస్ మధ్యకు చేరినప్పుడు లోపలి ఆవిరి ఒత్తిడికి అవి చిటపటమని చిట్లుతాయి. వేయించేవాడికి అది కీలకమైన గుర్తు. అక్కడి నుంచి ఎంతసేపు ఉంచి దించాలన్నదాని మీదే రుచి ఆధారపడుతుంది. ఆ చిటపటలు వినాల్సిన సమయంలో మోటారు కీచుమని ఏడవడం మొదలుపెట్టింది. థర్మామీటరు ఉంది కదా అనవచ్చు. దాని ముల్లు చెప్పేది ఒక్కచోటి వేడిని మాత్రమే. చెవి చెప్పేది గింజలన్నిటి సంగతి.

ఆ తర్వాత వేగం తగ్గింది. డ్రమ్ము అంచున సుద్దముక్కతో గీత గీసి, గడియారం పట్టుకుని లెక్కపెట్టాను. చల్లగా ఉన్నప్పుడు నిమిషానికి 50 చుట్ల దగ్గర బాగానే తిరుగుతోంది. వేడెక్కి, గింజలు పడ్డాక 30ల్లోకి జారిపోతోంది. డ్రమ్ము వేగానికి పై హద్దు ఎక్కడుందో చెప్పే సూత్రం ఒకటుంది. వ్యాసాన్ని మీటర్లలో తీసుకుని దాని వర్గమూలంతో 42.3ను భాగించాలి. మా డ్రమ్ముకు అది నిమిషానికి దాదాపు 77 చుట్లు వస్తుంది. అంత వేగంతో తిప్పితే గింజలు గోడకు అతుక్కుని డ్రమ్ముతోపాటే తిరుగుతాయి, కింద పడవు. అందుకే దానికి బాగా తక్కువగా, గింజలు సగం ఎత్తుకు లేచి వేడిగాలిలోంచి జారిపడేటట్టు నడుపుతాను. అదే వేగం మరీ తగ్గితే గింజలు లేవవు. అడుగున కుప్పగా జారుతూ కాలిన లోహాన్నే అంటిపెట్టుకుని ఉంటాయి.

దాని ఫలితం గింజ మీద కనబడింది. చివరిగా వేయించిన గింజల్ని పళ్లెంలో పోసి చూస్తే, బల్లపరుపుగా ఉండే వైపున చాలావాటికి గుండ్రటి నల్ల మచ్చ ఉంది. అంచులు కాస్త మాడాయి. ఒకదాన్ని వేళ్ల మధ్య చిదిమితే లోపల ఇంకా లేత గోధుమరంగే. పైన మాడు, లోపల పచ్చి. కాచి తాగితే మొదట బూడిద రుచి, వెనకాలే ఉడకని ధాన్యపు వాసన. ఆ గింజలు మీ దగ్గరికి రావడం లేదు. మోటారుకు పరీక్ష పెట్టే రోజున డ్రమ్ములో బరువు కోసం పనికొస్తాయని పక్కన పెట్టాను.

ఇక మోటారు విప్పితే ఏం కనబడిందో చెబుతాను. ఆసక్తి లేనివారు ఈ భాగం వదిలేసి చివరికి వెళ్లిపోవచ్చు, ఏమీ అనుకోను. మూత తీయగానే నల్లటి కార్బన్ పొడి రాలింది. దానితో కలిసిన సన్నని కాఫీ పొట్టు కూడా. వేగేటప్పుడు గింజ వదిలే పైపొర చాలా తేలిక, ఏ సందు దొరికినా దూరుతుంది. వైపర్ మోటారులో మూడు బ్రష్షులుంటాయి, అంటే తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు: ఒకటి ఉమ్మడిది, ఒకటి నెమ్మది వేగానికి, ఇంకొకటి ఎక్కువ వేగానికి. నేను నెమ్మది వేగమే వాడతాను కాబట్టి మూడోది దాదాపు కొత్తగానే ఉంది. మిగతా రెండూ ఏటవాలుగా అరిగి, గూట్లో పట్టు లేకుండా ఊగుతున్నాయి. వాటిని వెనక నుంచి నొక్కే స్ప్రింగులు వేడికి బిగువు కోల్పోయాయి. నొక్కుడు తగ్గితే బ్రష్షు ఎగిరెగిరి తగులుతుంది, తగిలినప్పుడల్లా నిప్పురవ్వ, ప్రతి రవ్వా కమ్యుటేటర్ (బ్రష్షులు ఆనుకునే, రాగి పలకలతో చేసిన గుండ్రటి భాగం) రాగిని కొంచెం కొంచెం తినేస్తుంది. రాగి మీద వేలు ఆనిస్తే బ్రష్షులు నడిచిన చోట గాడి స్పష్టంగా తెలుస్తోంది.

అదృష్టం ఏమిటంటే ఆర్మేచర్, అంటే తీగ చుట్టిన తిరిగే భాగం, చెడలేదు. పక్కపక్కనున్న రాగి పలకల మధ్య నిరోధం కొలిచే మీటరు పెట్టి చుట్టూ చూసుకుంటూ వచ్చాను. అన్నిచోట్లా దాదాపు ఒకే అంకె. వైండింగ్ (తీగచుట్ట) ఎక్కడైనా కాలి ఉంటే ఒక జతలో తేడా కొట్టేది. కమ్యుటేటర్‌ను సన్నరకం గరుకు కాగితంతో నునుపు చేసి, పలకల మధ్య గాడుల్లో ఇరుక్కున్న కార్బన్‌ను సూది మొనతో గీకాను. ఎమరీ కాగితం జోలికి పోలేదు. దాని రజను ఆ గాడుల్లో చిక్కుకుంటే పలకకూ పలకకూ మధ్య షార్టు అయ్యే ప్రమాదముంది. పాత బ్రష్షుల టంకం విప్పి, కొత్త బ్రష్షులూ కొత్త స్ప్రింగులూ వేశాను. కొత్త బ్రష్షు ముఖం చదునుగా ఉంటుంది, కమ్యుటేటర్ గుండ్రంగా ఉంటుంది. రెండూ కుదురుకునేదాకా బరువు లేకుండా తిప్పుతూ ఉండాలి. ఆలస్యంలో కొంత భాగం దీనిదే. ఇక్కడ తొందరపడితే రవ్వలు మళ్లీ మొదలవుతాయి.

ఇంతటితో అయిపోయిందనుకుని బిగించేస్తే కొన్నాళ్లకే ఇదే కథ. చచ్చింది మోటారే కానీ చంపింది మోటారు కాదు. మోటారును డ్రమ్ముకు కలిపే చైను విప్పి డ్రమ్మును చేత్తో తిప్పి చూస్తే గరగరమంటూ బరువుగా కదిలింది. ముందువైపు బేరింగులో గ్రీజు ఎండి, గోధుమరంగు పెచ్చులా మారింది. మామూలు లిథియం గ్రీజు దాదాపు 120, 130 డిగ్రీల దాకానే నమ్మకంగా పనిచేస్తుంది. డ్రమ్ము షాఫ్టు పట్టుకుని వచ్చే వేడి దాన్ని మించిపోతోంది. బేరింగు బిగుసుకునే కొద్దీ మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. కరెంటు పెరిగితే వేడి పెరుగుతుంది. వేడెక్కితే లోపలి ఫెర్రైట్ అయస్కాంతాల పట్టు తగ్గుతుంది, అప్పుడు అదే బరువు లాగడానికి ఇంకా ఎక్కువ కరెంటు కావాలి. ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ చివరికి బ్రష్షుల మీద పడ్డాయి. కొత్త మోటారు కొని తగిలించి ఉంటే దాన్నీ ఈ బేరింగే మింగేది.

అందుకని రెండు వైపులా బేరింగులు మారుస్తున్నాను. వేడికి లోపలి వలయం వ్యాకోచించినా బిగుసుకోకుండా ముందే కాస్త ఎక్కువ ఖాళీ ఉంచి చేసే సీ3 రకం, రబ్బరు సీలు కాకుండా లోహపు మూత ఉన్నవి. గ్రీజు అధిక వేడికి తట్టుకునేదే కాక హెచ్1 తరగతిది కూడా, అంటే పొరపాటున ఆహారానికి తగిలినా ఫర్వాలేదని అనుమతి ఉన్నది. మోటారును డ్రమ్ము నుంచి ఇంకాస్త దూరం జరిపి, చైను పొడవు పెంచి, మధ్యలో ఒక రేకు అడ్డం పెట్టి, చిన్న ఫ్యాను బిగించాను. ఈ పనిలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది ఆ రేకే. మంట ఎదుట ఎర్రగా కాగే వైపుకూ మోటారు వైపుకూ ఎంత తేడానో చెయ్యి చాపితే తెలిసిపోతుంది.

ఇంకొకటి భద్రత కోసం. మంట మీద డ్రమ్ము ఆగిపోతే అడుగు గింజలు నిమిషాల్లో మాడతాయి, పొట్టు అంటుకుంటుంది. ఇకపై డ్రమ్ము ఆగితే గ్యాసు దానంతటదే మూసుకునే వాల్వు ఉంటుంది. షాఫ్టు చివర చేత్తో తిప్పే పిడి కూడా పెడుతున్నాను. కరెంటు పోయినా గింజల్ని దించేంతసేపు తిప్పడానికి అది చాలు.

ఈలోగా వేరేచోట వేయించి మా సంచుల్లో నింపి పంపమని కొందరు సలహా ఇచ్చారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు, కానీ ఆ పని చేయను. సంచీ మీద మా పేరుంటే లోపలి వేపుడు మాదై ఉండాలి. కంపెనీ యంత్రం కొనవచ్చు కదా అని కూడా అడిగారు. కొనవచ్చు. దానికి అప్పు చేయాలి, అప్పు తీర్చడానికి ఎక్కువ వేయించాలి, ఎక్కువ వేయిస్తే అమ్ముడుపోని గింజలు అల్మారాలో పాతబడతాయి. ఆర్డరు వచ్చాకే వేయించడం మా పద్ధతి. ఇప్పుడు మీకు పంపడానికి నిల్వ లేకపోవడానికి కారణం కూడా అదే. ఆ పద్ధతి మార్చే ఆలోచన నాకు లేదు.

పచ్చి గింజలకు ఏ ఢోకా లేదు. తేమ 10 నుంచి 12 శాతం ఉండేలా, ఎండ తగలకుండా చల్లటి చోట ఉంచితే నెలల తరబడి నిలుస్తాయి. మీరు అడిగిన రకాలన్నీ అలాగే భద్రంగా ఉన్నాయి.

రుచి మాత్రం మొదట్లో కొంచెం తేడాగా ఉంటుంది. డ్రమ్ము తేలిగ్గా తిరుగుతుంటే గింజలకు గోడ వేడి తగ్గి గాలి వేడి ఎక్కువ అందుతుంది, కాబట్టి నా పాత మంట లెక్కలన్నీ మళ్లీ రాసుకోవాలి. ముదురు వేపుడు ఇష్టపడేవారికి మొదటి విడతలో కాస్త తేలికగా అనిపించవచ్చు. లేత వేపుడు తాగేవారికి బహుశా ఇంతకుముందుకన్నా శుభ్రంగా ఉంటుంది. కొన్నాళ్లు ఒక్కో విడతకు తక్కువ గింజలే పోస్తాను. దానివల్ల వరుస ఇంకా నెమ్మదిస్తుంది. సంచీ అందగానే విప్పి వాడేయకుండా కొన్ని రోజులు ఆగండి. కొత్తగా వేగిన గింజ కార్బన్ డయాక్సైడ్ వదులుతూనే ఉంటుంది, అది తగ్గాకే అసలు రుచి తెలుస్తుంది.

తేదీ చెప్పమని అడుగుతున్నారు. నిండు బరువుతో, నిండు వేడిలో సుద్దగీత లెక్క 50 దగ్గర నిలిచిన రోజున చెబుతాను, అంతకుముందు చెప్పే తేదీ ఏదైనా ఊహే. డబ్బు వెనక్కి కావాలనుకునేవారు ఒక మాట రాస్తే చాలు, కారణం అడగను. ఇంట్లో వేయించుకునే అలవాటున్నవారు కట్టిన డబ్బుకు పచ్చి గింజలు తీసుకోవచ్చు, వేయించే ఖర్చు తగ్గించి అంత ఎక్కువ తూకం ఇస్తాను. ఏమీ రాయనివారు ఎదురుచూస్తున్నట్టే లెక్క. వారి ఆర్డర్లు వచ్చిన వరుసలోనే వేయిస్తాను, పెద్ద ఆర్డరు కదా అని ఎవరినీ ముందుకు జరపను.