2024–25 వార్షిక నివేదిక

పెద్దలకు, సభ్యులకు జై సేవా.

మన గోండు సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే. నేరుగా ఈ ఏడు పనులకు వస్తాను.

ముందు దండారి, అంటే దీపావళి రోజుల్లో జట్లుగా ఊరూరా తిరిగి ఆడే మన పండుగ. ఈసారి ఘనంగా చేశాం, చెప్పుకోవాల్సిందే. దీపావళికి కొద్దిరోజుల ముందు, 2024 అక్టోబరులో, దండారిలో ఆడే గుస్సాడీ ఆటకు పద్మశ్రీ తెచ్చిన మర్లవాయి ఊరి కనకరాజు గారు కాలం చేశారు. ఈ ఏడు వద్దేమోనని కొందరు వెనకాడారు. ఆట ఆపితే ఆయనకు మర్యాద కాదని ఊరి పెద్ద పటేల్, పూజారి కటోడా తేల్చేశారు. హాస్టళ్ళ నుంచి, హైదరాబాద్ పనుల నుంచి వచ్చిన పిల్లలు నెమలి ఈకల టోపీలు పెట్టి, ఒంటికి బూడిద పూసుకుని దీక్ష పట్టారు. పండుగ ముగింపు పూజ కొలబోడి దాకా స్నానం లేదు. నిద్ర పట్టడం లేదని, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదని మొన్నటిదాకా ముడుచుకు కూర్చున్న కుర్రాడు పక్క ఊళ్ళో తెల్లారేదాకా గుమ్మెల డోలు వాయించాడు. ఇప్పుడు పెద్దల దగ్గరికి తనే వస్తున్నాడు. ఆటతో జబ్బులు పోతాయని అనడం లేదు, పీహెచ్‌సీ మందులు వాడాల్సిందే. కానీ తన సగ (వంశం) ఏదో, తన పెన్ (వంశ దేవుడు) ఎక్కడుందో, తాత దున్నిన చేను ఏదో తెలిసినవాడు పట్నంలో చిన్నచూపు ఎదురైనా తట్టుకుంటాడు.

మన వంశ కథలు పాడే ప్రధాన్ కులం పెద్దాయన తీగల వాయిద్యం కిక్రి వాయిస్తూ సగల కథలు చెప్పారు. రికార్డు చేస్తామన్న యువజనులు ఆ సాయంత్రం ఫోన్లే ఎత్తలేదు. అంగన్‌వాడీ టీచరమ్మ తన ఫోన్లో తీసింది కాబట్టి సరిపోయింది. పేర్లు రాయను, వాళ్ళకు తెలుసు.

భూమి సంగతి. 2023లో పోడు పట్టాలు వచ్చినవాళ్ళు ధైర్యంగా జొన్న, కంది వేశారు. రానివాళ్ళు ఈ ఏడు కూడా భయంభయంగానే దున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కులకు కాగితాలు పెట్టాం. ఆఫీసుకు ఎప్పుడు వెళ్ళినా సారు మీటింగ్‌లోనే ఉంటారు. విప్పపూవుకు, తునికాకుకు, దేవుడి గట్టుకు వెళ్ళే దారి మూస్తే పండుగ ఎక్కడ చేసుకోవాలి? జ్వరాల కంటే ఈ టెన్షన్‌తోనే మనవాళ్ళు ఎక్కువ చిక్కిపోతున్నారు.

అతిథి దండారి జట్లకు వండిపెట్టిన ఆడవాళ్ళకు, డీజిల్ డబ్బులు కూడా తీసుకోని ట్రాక్టర్ అన్నకు, గుమ్మెలలు బాగుచేసినవారికి, బడి గది ఇచ్చిన పంతుళ్ళకు, మన పంచాయితీలు తీర్చే రాయి సెంటర్ పెద్దలకు సంఘం తరఫున ధన్యవాదాలు. ఎవరి పేరైనా మరిస్తే కోప్పడవద్దు.

లెక్కలు వెనక పేజీలో ఉన్నాయి, కోశాధికారి సంతకం అయింది. సభ్యత్వ బకాయిలు ఆషాఢంలో అడవిలో చేసే అకాడి పూజ లోపల కట్టాలి. ఈసారి అకాడికి అడవి దారి శుభ్రం చేయడానికి ఇంటికొకరు రావాలి. పోయినసారిలా వచ్చిన నలుగురితోనే చేయించవద్దు.

కార్యదర్శి